మందు ఉచితమే, కానీ వంద కిలోమీటర్ల దూరంలో ఉంది: దగ్గరికి రప్పించాలంటే ఎవరిని, ఎలా అడగాలి?

ప్రశ్న: మా బావగారు తొమ్మిదేళ్లుగా హెచ్ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. ఈ మధ్య రక్తపరీక్షలో హెపటైటిస్ సి కూడా ఉందన్నారు. ఏఆర్‌టీ సెంటర్ మాకు ఇరవై కిలోమీటర్లే. హెపటైటిస్ మందుకి మాత్రం జిల్లా కేంద్రానికి, వంద కిలోమీటర్లు వెళ్లాలట. ఇప్పటికి నాలుగుసార్లు తిరిగాం, ఇంకా మందు మొదలవ్వలేదు. మాలాంటి వాళ్లు ఇక్కడ ఇంకో పదిమంది దాకా ఉన్నారు. మా ఒక్కరి కోసం కాదు, అందరికీ దగ్గర్లో దొరికేలా చేయాలంటే ఏం చేయాలి?

సమాధానం:

తమ్ముడూ, మీ ప్రశ్నలో చివరి వాక్యం చూసి మనసు నిండిపోయింది. నాలుగుసార్లు తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి మిగతా పదిమంది గురించి అడగడం మామూలు విషయం కాదు. నేను డాక్టర్ని కాను. పంతొమ్మిదేళ్లుగా మా జిల్లా పాజిటివ్ నెట్‌వర్క్‌లో, అంటే హెచ్ఐవీ ఉన్నవాళ్ల సంఘంలో, పనిచేస్తున్నాను. ఏఆర్‌టీ సెంటర్ బయట బెంచీ మీద కూర్చుని పేషెంట్లతో మాట్లాడటం, వాళ్ల తరఫున ఆఫీసులకి కాగితాలు పట్టుకుని తిరగడం, ఇదే నా పని. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు ఒక సంగతి. మీకు చెప్పిన పరీక్ష యాంటీబాడీ పరీక్షా, వైరల్ లోడ్ పరీక్షా? యాంటీబాడీ పాజిటివ్ వస్తే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. కొందరికి అది దానంతటదే పోతుంది. ఇప్పుడు ఉందా లేదా అన్నది వైరల్ లోడ్ పరీక్షలోనే తేలుతుంది, మందు మొదలుపెట్టేదీ దాన్ని బట్టే. మీరు నాలుగుసార్లు తిరిగింది బహుశా ఈ రెండో పరీక్ష దగ్గరే ఆగిపోయి ఉంటుంది. నేను చూసిన కేసుల్లో సగానికి పైగా అక్కడే ఆగుతాయి. ఉందని తేలితే భయపడాల్సింది లేదు. సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ మాత్రలు పన్నెండు వారాలు వాడితే నూటికి తొంభై ఐదు మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. హెచ్ఐవీలాగా జీవితాంతం మందు వాడాల్సిన జబ్బు కాదిది. ఈలోగా కామెర్ల పసరు మందు పోయిద్దామని ఎవరైనా అంటే వద్దని గట్టిగా చెప్పండి. హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి కళ్లు పచ్చబడవు, లోపల లివర్ మాత్రం గట్టిపడుతూ పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు అడగబోయేది దయ కాదు. ఆ నమ్మకం మీకు లేకపోతే కలెక్టరాఫీసు వరండాలోనే గొంతు పెగలదు. అందుకే ఈ మందులు మన దాకా ఎలా వచ్చాయో కొంచెం చెప్తాను.

2000 ప్రాంతంలో హెచ్ఐవీ మందులకి ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకి పైగా అయ్యేది. 2001లో సిప్లా సంస్థ అవే మందులు ఏడాదికి 350 డాలర్లకి ఇస్తామని ముందుకొచ్చాక ప్రపంచమంతా లెక్క మారిపోయింది. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఏఆర్‌టీ మొదలుపెట్టింది. అప్పుడు కూడా అందరికీ అందలేదు. మొదటి మందులు పనిచేయని వాళ్లకి ఇచ్చే రెండో దశ మందుల విషయంలో, ముందు ప్రైవేటులో వైద్యం చేయించుకున్న వాళ్లని పక్కన పెట్టారు. సంకల్ప్ రిహాబిలిటేషన్ ట్రస్ట్ అనే సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్లి పోరాడితే 2010 చివర్లో ఆ అడ్డు తొలగింది. ఒక గైడ్‌లైన్‌లో ఒక్క షరతు పోయింది, అంతే. దానివల్ల బతికి, ఇప్పుడు మనవలని ఎత్తుకుంటున్న వాళ్లు నాకు తెలుసు.

హెపటైటిస్ సి మందు కథ ఇంకా దగ్గరిది. సోఫోస్‌బువిర్‌ని గిలియడ్ కంపెనీ 2013 డిసెంబర్‌లో అమెరికాలో విడుదల చేసినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాలకి 84,000 డాలర్లు. హైదరాబాద్‌కి చెందిన నాట్కో ఫార్మా మన పేటెంట్ ఆఫీసులో ఆ పేటెంట్ మీద అభ్యంతరం వేసింది, పేషెంట్ల తరఫు సంస్థలూ వేశాయి. ఆ ఒత్తిడి నడుస్తుండగానే 2014లో గిలియడ్ భారతీయ కంపెనీలకి లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2015 నుంచి ఇక్కడి కంపెనీల మందు వచ్చి ధర కుప్పకూలింది. 2016లో పంజాబ్ రాష్ట్రం ఉచిత వైద్యం పెట్టింది. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం దేశమంతా మొదలైంది. అంటే మన హైదరాబాద్‌లో తయారయ్యే మాత్ర ఎన్నో దేశాలకి వెళ్తోంది, మీ బావగారి దగ్గరికి రావడానికి మాత్రం చివరి వంద కిలోమీటర్లు అడ్డొచ్చాయి. మీరు దాటించాల్సింది ఆ వంద కిలోమీటర్లనే. మిగతా దారంతా మనకంటే ముందువాళ్లు వేసి పెట్టారు.

ఎందుకు అడ్డొచ్చాయో తెలియకుండా అర్జీ రాస్తే అది తప్పు బల్ల మీదకి వెళ్తుంది. హెచ్ఐవీ కార్యక్రమం పైన 'నాకో' (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) కింద, రాష్ట్రంలో ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద నడుస్తుంది. హెపటైటిస్ కార్యక్రమం జాతీయ ఆరోగ్య మిషన్ కింద నడుస్తుంది. నిధులు వేరు, రిజిస్టర్లు వేరు, ఆఫీసర్లు వేరు. మీ బావగారి ఒంట్లో రెండు వైరస్‌లూ ఒకే రక్తంలో ఉంటాయి, కాగితాలు మాత్రం రెండు శాఖల్లో ఉంటాయి. ఏఆర్‌టీ సెంటర్ వాళ్లు "అది మా చేతిలో లేదు" అంటారు, అది నిజమే. హెపటైటిస్ కేంద్రం వాళ్లు "మా దగ్గరికి పంపమనండి" అంటారు, అదీ నిజమే. ఎవరూ అబద్ధం చెప్పరు, పేషెంట్ మాత్రం బస్సెక్కుతూనే ఉంటాడు. కాబట్టి మీరు రాసే ప్రతి కాగితం ఇద్దరికీ వెళ్లాలి, ఒకరికి పంపినట్టు ఇంకొకరికి తెలిసేలా కింద పేర్లు రాయాలి.

మేం ఇది దెబ్బ తిని నేర్చుకున్నాం. చాలా ఏళ్ల కిందట మా డివిజన్‌లో ఏఆర్‌టీ సెంటర్ లేదు, నెలనెలా తొంభై కిలోమీటర్లు వెళ్లేవాళ్లం. "పేద రోగులం, మాకు న్యాయం చేయండి" అని రెండు పేజీల అర్జీ రాసి సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చాం. ఏమీ జరగలేదు. రెండోసారి మా నెట్‌వర్క్‌లో ఒక అక్క, మిర్చి కోతకి వెళ్లే మనిషి, పదో తరగతి కూడా పూర్తి చేయలేదు, ఆమె ఒక మాట అంది: "మనం ఏడ్చింది రాశాం గానీ ఎంత ఖర్చయిందో రాయలేదు గదా." ఆ రోజే ఒక రూళ్ల పుస్తకం కొన్నాం. పేర్లు లేవు, నంబర్లే. ఎక్కడి నుంచి వస్తారు, బస్సు ఎన్ని మారతారు, చార్జీ ఎంత, ఆ రోజు కూలి ఎంత పోయింది, క్యూలో ఎంతసేపు, ఆ నెలలో ఎన్ని మాత్రలు తప్పాయి. మూడు నెలలు ప్రతి నెలా రాశాం. నలభై ఒక్కమంది లెక్క తేలింది. చివరి వరస చూస్తే మాకే నోట మాట రాలేదు. దూరం ఎక్కువైన కొద్దీ మాత్రలు తప్పిన రోజులు పెరుగుతూ పోయాయి.

ఆ లెక్క ఒక్క పేజీలోకి దించాం. కింద ఒకే ఒక్క కోరిక: మా ఏరియా ఆస్పత్రిలో లింక్ ఏఆర్‌టీ సెంటర్, అంటే పెద్ద సెంటర్‌కి అనుబంధంగా మందులిచ్చే చిన్న సెంటర్. అలాంటి సెంటర్ పెట్టొచ్చని గైడ్‌లైన్‌లో ముందే ఉంది, దాని జిరాక్స్ జత చేశాం. ఏడు నెలలు పట్టింది. వారానికి రెండు రోజులు తెరిచే చిన్న గది ఇచ్చారు. మొదటి రోజు ఆ అక్క పొలం నుంచి చేతికి మిర్చి ఘాటుతోనే వచ్చి మందులు తీసుకుని, మధ్యాహ్నానికి మళ్లీ కోతకి వెళ్లిపోయింది. ఆ పూట కూలి ఆమెకి దక్కింది. ఇన్నేళ్ల నా పనిలో నాకు బాగా గుర్తున్న రోజు అదే.

మీ విషయంలో కోరిక ఏమిటో నేనైతే ఇలా పెడతాను. ఒకటి, రక్తం ఇవ్వడానికి మనిషి ప్రయాణం చేయకూడదు, రక్తమే ప్రయాణం చేయాలి. ఏఆర్‌టీ సెంటర్లో హెచ్ఐవీ వైరల్ లోడ్‌కి రక్తం తీసి బయటి ల్యాబ్‌కి పంపుతూనే ఉన్నారు, హెపటైటిస్ సి శాంపిల్ కూడా అలాగే పంపమని అడగండి. దానికంటే దగ్గరి దారి ఇంకొకటి ఉంది. మీ ఏరియా ఆస్పత్రిలో టీబీ విభాగం దగ్గర జీన్‌ఎక్స్‌పర్ట్ గానీ ట్రూనాట్ గానీ ఉందేమో చూడండి. తెమడ పరీక్షకి వాడే ఆ మెషీన్ల మీదే, దానికి సంబంధించిన కార్ట్రిడ్జ్ గానీ చిప్ గానీ ఉంటే, హెపటైటిస్ సి వైరల్ లోడ్ కూడా చేయొచ్చు. మెషీన్ కొనమని అడగడం లక్షల మాట. ఉన్న మెషీన్‌కి కార్ట్రిడ్జ్‌లు తెప్పించమనడం ఒక ఇండెంట్ (సరుకు కావాలని రాసే కాగితం) మాట. ఆస్పత్రి అభివృద్ధి సంఘం సమావేశం జరిగే ముందు సూపరింటెండెంట్‌ని కలిస్తే ఇలాంటివి అజెండాలోకి ఎక్కుతాయి.

రెండోది, లివర్ ఎంత దెబ్బతిందో చూడ్డానికి బయట డబ్బు పెట్టి ఫైబ్రోస్కాన్ చేయించుకు రమ్మంటే అక్కడే చాలామంది ఆగిపోతారు. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్షలు, ప్లేట్‌లెట్ల సంఖ్యతో లెక్కగట్టే ఆప్రి, ఫిబ్-4 స్కోర్లని జాతీయ గైడ్‌లైన్ ఒప్పుకుంటుంది. ఇవి మామూలు రక్తపరీక్షలు. సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోవడం) ముదిరినవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు పెద్ద కేంద్రానికి వెళ్లక తప్పదు, మిగతావాళ్లని అక్కడిదాకా తిప్పక్కర్లేదని స్పష్టంగా రాయండి. మూడోది, మొదటిసారి డాక్టర్ చూసి మందు రాశాక, మిగతా నెలల మాత్రలు ఏఆర్‌టీ సెంటర్ కౌంటర్‌లోనే ఇవ్వాలి. బావగారు ఎలాగూ అక్కడికి వస్తారు, ఫార్మసిస్ట్ ఎలాగూ ఉంటారు.

అర్జీకి ముందు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పేషెంట్ల పేర్లు అడగకూడదు, అడగక్కర్లేదు. గత పన్నెండు నెలల్లో, నెలల వారీగా, ఏఆర్‌టీ సెంటర్లో ఎంతమందికి హెపటైటిస్ బి, సి పరీక్షలు చేశారు, ఎంతమందికి పాజిటివ్ వచ్చింది, వాళ్లలో ఎంతమందికి వైరల్ లోడ్ జరిగింది, ఎంతమందికి మందు మొదలైంది, ఎంతమంది పూర్తి చేశారు. ఈ అంకెలన్నీ ఒక వరసలో పెడితే ఎక్కడ జారిపోతున్నారో ఆఫీసర్‌కి మీరు చెప్పక్కర్లేదు, వాళ్ల అంకెలే చెప్తాయి. దరఖాస్తు మాత్రం బావగారి పేరు మీద వేయొద్దు. నెట్‌వర్క్ కార్యకర్త పేరు మీద వేయించండి. మీ ఎమ్మెల్యే అసెంబ్లీలో, ఎంపీ పార్లమెంటులో ఇవే ప్రశ్నలు అడగొచ్చు. ప్రశ్న సిద్ధంగా టైపు చేసి ఇస్తే అడిగేవాళ్లు నేననుకున్న దానికంటే ఎక్కువమందే ఉన్నారు.

చట్టం గురించీ తెలుసుకోండి. 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. ఇరవైమంది, అంతకు మించి పనిచేసే ఆస్పత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ని, అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారిని, నియమించాలి. ఆయన ముప్పై రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి, ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో వీలైతే ఇరవై నాలుగు గంటల్లోనే ఇవ్వాలి. మీ ప్రాంతానికి అంబుడ్స్‌మన్ ఎవరో కూడా అదే సమాచార హక్కు దరఖాస్తులో అడగండి.

చట్టం వచ్చిన కొత్తలో మా దగ్గర ఒక ఆటో డ్రైవర్‌కి హెర్నియా ఆపరేషన్ తేదీ ఇచ్చారు. ఆ రోజు పొద్దున కేస్ షీట్ పైన ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాలతో జబ్బు పేరు రాసి, చుట్టూ గీత గీసి, మంచం కాళ్ల దగ్గర తగిలించారు. వార్డులో అందరూ చదివారు. తర్వాత థియేటర్ ఖాళీ లేదన్నారు. ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను వెళ్లి గొడవ పడలేదు. "ఆపరేషన్ చేయం అన్న సంగతి, కారణంతో సహా, కాగితం మీద రాసివ్వండి" అని చట్టం మూడో సెక్షన్ రాసి మర్యాదగా దరఖాస్తు ఇచ్చాను. మర్నాడు ఆపరేషన్ అయింది. అప్పుడు ఒక నర్సమ్మ నన్ను పక్కకి పిలిచి, "మాకు సూది గుచ్చుకుంటే వేసుకోవడానికి మందు రాత్రిపూట ఎవరి దగ్గరుంటుందో కూడా మాకు చెప్పలేదమ్మా" అంది. ఆమె భయం నిజమైనది. అలాంటప్పుడు వాడే పెప్ మందు 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత త్వరగా మొదలుపెట్టాలి. సిబ్బందికి అది అందుబాటులో ఉంచాలని అదే చట్టంలో ఉంది. అప్పటి నుంచి మా ప్రతి అర్జీలో సిబ్బందికి గ్లౌజులు, పెప్ మందు, హెపటైటిస్ బి టీకా కావాలని కూడా రాస్తాం. వాళ్లు మనకి ఎదురు కాదు, సగం పని వాళ్లే చేసిపెడతారు.

ఈ చట్టంలో నన్ను బాధపెట్టే మాట ఒకటుంది. పద్నాలుగో సెక్షన్‌లో మందులు, పరీక్షలు "సాధ్యమైనంత మేరకు" ఇవ్వాలని రాశారు. బిల్లు సమయంలోనే ఆ మాట తీసేయమని దేశమంతా నెట్‌వర్క్‌లు మొత్తుకున్నాయి, తీయలేదు. 2022లో దాని అర్థం తెలిసొచ్చింది. డోలుటెగ్రావిర్‌తో సహా కొన్ని హెచ్ఐవీ మందులకి కొరత వచ్చి, చాలాచోట్ల నెల మందుకి బదులు కొద్దిరోజులవే ఇచ్చారు. ఢిల్లీలో 'నాకో' ఆఫీసు ముందు జూలై 21 నుంచి నెల రోజులకి పైగా పేషెంట్లు కూర్చున్నారు. మీ అర్జీలో మందులు అయిపోకుండా నిల్వ ఉంచే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయమని అడగడం మర్చిపోవద్దు.

హెపటైటిస్ ఉన్నవాళ్లకి ఆ మాత్రం చట్టం కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్ బి 2.98 కోట్లమందికి, సి 55 లక్షలమందికి ఉంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లు పాతిక లక్షల పైచిలుకు. ఇంతమంది ఉండీ గొంతు లేదు. గల్ఫ్‌కి వెళ్దామని అప్పు చేసి మెడికల్‌కి వెళ్లి, హెపటైటిస్ బి అని "అన్‌ఫిట్" ముద్రతో తిరిగొచ్చిన కరీంనగర్, నిజామాబాద్, కడప పిల్లలకి ఆ జబ్బుందని తెలిసేదే ఆ రోజు. ఆ కాగితం వాళ్లకి వీసా రాలేదని చెప్తుంది గానీ, వైద్యం ఫలానా చోట ఉచితంగా ఉందని చెప్పదు. మెడికల్ సెంటర్ నుంచి నేరుగా ప్రభుత్వ హెపటైటిస్ కేంద్రానికి పంపే ఏర్పాటు కావాలని మేం ఇప్పుడు అడుగుతున్నాం. హెచ్ఐవీ చట్టంలో ఉన్న రక్షణలే హెపటైటిస్‌కీ కావాలని కూడా అడుగుతున్నాం. మీ పదిమందిలో హెచ్ఐవీ లేని హెపటైటిస్ పేషెంట్లు ఉంటే వాళ్లనీ కలుపుకోండి.

గోప్యత విషయంలో మాత్రం తొందరపడొద్దు. మా వాళ్లు కొందరు ఇప్పటికీ మాత్రల డబ్బా బస్సులో గలగలమంటుందని, సెంటర్ బయటే చెట్టు కింద మాత్రలన్నీ ప్లాస్టిక్ కవర్లో పోసుకుని డబ్బా పారేసి వెళ్తారు. అంత భయంలో ఉన్న మనిషిని ఫోటోకి నిలబెట్టడం తప్పు. బస్ పాస్ అడిగినా దాని మీద జబ్బు పేరు ఉండకూడదని ముందే చెప్పండి, ఉంటే ఎవరూ కండక్టర్‌కి తీసి చూపించరు. మాట్లాడేందుకు ఇద్దరు ముందుకొస్తే చాలు, మిగతావాళ్లు పుస్తకంలో నంబర్లుగా ఉంటారు. మీ జిల్లాలో నెట్‌వర్క్ ఎవరో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇదంతా జరిగేలోపు బావగారికి రెండు జాగ్రత్తలు. తిరిగి తిరిగి విసిగి ఏఆర్‌టీ మాత్రలు మానేయనివ్వొద్దు. ఆయన వాడుతున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర అయితే అందులో మొదటి రెండూ హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. బి కూడా ఉన్న మనిషి వాటిని ఒక్కసారిగా ఆపితే లివర్ ప్రమాదంలో పడొచ్చు. హెపటైటిస్ సి మందు మొదలుపెట్టే ముందు కూడా బి ఉందో లేదో చూడాలి. అందుకని ఆయన పాత రిపోర్టుల్లో హెచ్‌బీఎస్ఏజీ అన్న పరీక్ష ఉందేమో ఈరోజే వెతకండి. ఉంటే తేదీ, ఫలితం ఇక్కడ రాయండి. లేకపోతే వచ్చేసారి ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లినప్పుడు రక్తం ఇచ్చి రమ్మనండి. అర్జీ నమూనా నేను ఈ ఆదివారం రాసి పెడతాను, మీ అంకెలు అందులో నింపుకోవచ్చు.